ఘాట్ ఎక్కేటప్పుడే డీజిల్ ప్రెషర్ పడిపోతోందా? పంప్ మార్చే ముందు ఇవి చూడండి

ప్రశ్న: సార్ నమస్తే, మాది గజపతినగరం. 2014 డీజిల్ కారు, 1,40,000 కిలోమీటర్లు తిరిగింది. ఊళ్ళో, విజయనగరం దాకా ఎంత తిప్పినా ఏమీ అవ్వదు, ఎస్.కోట దాటి అరకు ఘాట్ ఎక్కేటప్పుడు మాత్రం ఒక్కోసారి సడన్‌గా పికప్ పోయి చెక్ లైట్ వెలుగుతాది, ఇంక ఎంత తొక్కినా బండి లాగదు. పక్కన ఆపి తాళం తీసి మళ్ళీ స్టార్ట్ చేస్తే మామూలే. స్కానర్ పెడితే పి0087 అని వచ్చింది. ఫిల్టర్ మార్చాం, రైల్ ప్రెషర్ సెన్సార్ మార్చాం, తగ్గలేదు. ఇప్పుడు మెకానిక్ హై ప్రెషర్ పంప్ పోయింది అంటున్నారు, చాలా ఖర్చు చెప్పారు. మార్చేమంటారా, ఏటి చెయ్యమంటారు?

జవాబు: ఇప్పుడే మార్చకండి. పి0087 అంటే పంప్ పోయిందని కాదండీ, రైల్లో (హై ప్రెషర్ పంప్ తోసిన డీజిల్‌ని నాజిళ్ళకి పంచే గట్టి గొట్టం) ఉండాల్సినంత ప్రెషర్ లేదు అని బండి కంప్యూటర్ చెప్తోంది, అంతవరకే. ఎందుకు లేదు అనేది దానికి తెలీదు. ట్యాంక్ అడుగున ఉన్న జల్లెడ దగ్గర్నుంచి ఇంజిన్‌లోకి డీజిల్ చిమ్మే నాజిళ్ళ దాకా ఎక్కడైనా కారణం ఉండొచ్చు. ఆ దారిలో పంప్ ఒక మజిలీ మాత్రమే, ఖర్చు ఎక్కువ కాబట్టి నేనైతే దాన్ని చివర్న చూస్తాను.

ముందు ఘాట్‌లోనే ఎందుకు వస్తోందో చూద్దాం. కామన్ రైల్ ఇంజిన్ ఐడిలింగ్‌లో సుమారు 250 నుంచి 350 బార్ (ప్రెషర్ కొలత) మీద నడుస్తుంది, ఫుల్ లోడ్‌లో అదే రైల్‌కి చాలా బళ్ళలో 1600 బార్ దాకా కావాలి, డీజిల్ కూడా ఎన్నో రెట్లు ఎక్కువ కావాలి. సన్నగా వచ్చే కుళాయి కింద చెంబు పెడితే నిండుతుంది, అదే నీళ్ళు తోటకి పెట్టాలంటే చాలవు కదా, మీ బండికి ఊళ్ళో చెంబు చాలు, ఘాట్‌లో తోట తడవాలి. అందుకే నా మొదటి అనుమానం పంప్ మీద కాదు, పంప్ దాకా డీజిల్ సరిగ్గా రావట్లేదేమో అని. తాళం తీసి వేస్తే బాగవుతోంది అంటే రోగం పోయినట్టు కాదు, కంప్యూటర్ పెట్టుకున్న పవర్ కట్ ఆ కాసేపటికి తొలిగింది, అంతే.

ఇలా వచ్చి పోయే ఫాల్ట్‌ని షెడ్‌లో నిలబెట్టి పట్టుకోలేం, అది వచ్చినప్పుడే చూడాలి. మెకానిక్‌ని స్కానర్‌తో సహా పక్క సీట్లో కూర్చోబెట్టుకుని ఘాట్ ఎక్కండి (డ్రైవ్ చేసేవాళ్ళు స్క్రీన్ చూడొద్దు, అరకు రోడ్ మలుపులు మీకు నేను చెప్పక్కర్లేదు). చూడాల్సినవి రెండు అంకెలు, కంప్యూటర్ అడుగుతున్న రైల్ ప్రెషర్, నిజంగా ఉన్న రైల్ ప్రెషర్. ఫోన్‌కి బ్లూటూత్‌తో కలిపే చిన్న ఓబీడీ (బండి కంప్యూటర్‌ని చదివే) పరికరాలు చాలావాటిలో రెండోదే కనిపిస్తుంది, మొదటిది కూడా చూపించి రికార్డ్ చేసే గ్యారేజ్ స్కానర్ అయితే మంచిది.

ఎక్కుతుంటే అడిగింది 1400 ఉండి, ఉన్నది 1300, 1150, 900 అని మెల్లగా జారుతుంటే డీజిల్ చాలట్లేదు, లేదా ఎక్కడో లీకవుతోంది. అలా కాకుండా 1400 నుంచి ఒక్క క్షణంలో సున్నాకి పడి మళ్ళీ పైకి ఎగిరితే అది డీజిల్ కాదు, వైరింగ్. నిజం ప్రెషర్ అలా గెంతలేదు. మీరు సెన్సార్ మార్చారు సరే, దాని కప్లర్ (వైర్లు తగిలించే ప్లగ్), దాని దాకా వచ్చే వైర్లు ఎవరైనా చూశారా? ఆ సెన్సార్‌కి 5 వోల్టులు వెళ్తాయి, ఇంజిన్ ఆపి ప్రెషర్ దిగిపోయాక తాళం ఆన్ చేసి చూస్తే సిగ్నల్ వైర్‌లో దాదాపు 0.5 వోల్టు ఉండాలి, అప్పుడు వైర్లని చేత్తో మెల్లగా కదుపుతూ మీటర్ చూడండి, అంకె గెంతిందా, దొంగ దొరికినట్టే. మన వైపు కోతల టైంలో బానెట్‌లోకి ఎలకలు దూరి వైర్లు కొరికేస్తాయి, భోగాపురం, కళింగపట్నం లాంటి సముద్రం పక్క ఊళ్ళలో అయితే ఉప్పు గాలికి కప్లర్ పిన్నులు ఆకుపచ్చగా తుప్పు పడతాయి, ఇవి నయాపైసా పార్ట్ మార్చకుండా బాగయ్యే జబ్బులు.

మెల్లగా జారేదే అయితే ట్యాంక్ నుంచి మొదలెట్టండి. మీరు ఉత్తరంలో రాయలేదు గానీ, ఇది ట్యాంక్‌లో పావు వంతు డీజిల్ ఉన్నప్పుడే వస్తోందా? అలాగైతే ఎత్తు ఎక్కేటప్పుడు, మలుపు తిరిగేటప్పుడు డీజిల్ ఓ పక్కకి పోయి ట్యాంక్‌లోంచి డీజిల్ లాగే పైపు గాలి లాగుతోందేమో. ఫుల్ చేసి ఒకసారి ఎక్కి చూడండి. ఫాల్ట్ రాగానే పక్కకి ఆపి ట్యాంక్ మూత తెరవండి, గట్టిగా బుస్సుమని గాలి లోపలికి లాగితే ట్యాంక్‌కి గాలి వెళ్ళే దారి మూసుకుపోయింది. ఫిల్టర్ తర్వాత తక్కువ ప్రెషర్ లైన్‌లో పారదర్శకమైన డీజిల్ హోస్ ముక్క పెట్టించి చూస్తే బుడగలు కనిపిస్తాయి, ఆగకుండా బుడగలు వస్తుంటే ఎక్కడో ఎయిర్ పడుతోంది, కొత్త ఫిల్టర్ ఓ-రింగ్ (రబ్బరు సీలు) సరిగ్గా కూర్చోకపోయినా ఇదే అవుతుంది. ట్యాంక్‌లో ఎలక్ట్రిక్ పంప్ ఉన్న మోడల్ అయితే లైన్‌కి గేజ్ పెట్టి లోడ్‌లో ఎంత వస్తోందో చూడాలి, పంప్ వేడెక్కాక నీరసపడటం, దానికి కరెంటు ఇచ్చే రిలే వేడికి వదిలేయడం కూడా ఉంటాయి.

ఇదంతా బాగుంటే అప్పుడు హై ప్రెషర్ పంప్ మీదుండి దాంట్లోకి వెళ్ళే డీజిల్‌ని అదుపు చేసే మీటరింగ్ వాల్వ్, ఆ తర్వాత నాజిళ్ళ రిటర్న్ (నాజిళ్ళలోంచి వెనక్కి పోయే డీజిల్), ఆఖరికి పంప్ చూడాలి. ఒక్కటి మాత్రం మర్చిపోకండి, పాత ఫిల్టర్ విప్పి అందులో వెండి పొడి లాంటి మెరుపు ఉందేమో చూడండి. ఉంటే పంప్ లోపల నిజంగానే అరిగిపోతోంది, అప్పుడు ఒక్క పంప్ మారిస్తే చాలదు, రైల్, పైపులు, ట్యాంక్ కడగాలి, నాజిళ్ళు కూడా టెస్ట్ చేయించాలి, లేకపోతే ఆ పొడి కొత్త వాటిని కూడా తినేస్తుంది.

ఇంకోటి, దయచేసి గట్టిగా పట్టించుకోండి. పాత జీపులు, అంబాసిడర్లలో ఇంజిన్ తిరుగుతుండగా నాజిల్ నట్టు వదులు చేసి ఎయిర్ తీసేవాళ్ళు. కామన్ రైల్ బండికి అలా ఎవర్నీ చెయ్యనివ్వకండి. ఆ ప్రెషర్‌లో సూది మొన అంత ధార కూడా చర్మం లోపలికి దిగిపోతుంది, పైకి చిన్న చుక్కలా కనిపించినా అది వెంటనే ఆసుపత్రికి పరుగెత్తాల్సిన గాయం, వెళ్ళి డీజిల్ లోపలికి పోయింది అని డాక్టరుకి స్పష్టంగా చెప్పాలి.

ప్రశ్న: టెక్కలి నుంచి రాస్తున్నాను. పొద్దున్న ఒక్క సెల్ఫ్‌కే స్టార్ట్ అవుతాది. హైవే మీద నడిపి నరసన్నపేట దగ్గర టీకి ఆగి మళ్ళీ స్టార్ట్ చేస్తే చాలాసేపు సెల్ఫ్ కొట్టాలి. చెక్ లైట్ లేదు. బ్యాటరీ కొత్తది.

జవాబు: వేడి మీద మాత్రమే ఇబ్బంది అంటే నాజిళ్ళ రిటర్న్ మీద అనుమానం. డీజిల్ వేడెక్కితే పల్చబడుతుంది, అరిగిన నాజిల్‌లోంచి ఎక్కువ వెనక్కి పోతుంది, సెల్ఫ్ తిప్పే స్పీడ్‌కి పంప్ ఆ లోటు పూడ్చలేదు. ఇంజిన్ అంటుకోవడానికి రైల్లో దాదాపు 200 బార్ అన్నా రావాలి. వేడిగా ఉన్నప్పుడే స్కానర్ పెట్టి సెల్ఫ్ కొట్టించండి, అంత రాకపోతే నాలుగు నాజిళ్ళ రిటర్న్ పైపులకి నాలుగు ఒకే సైజు సీసాలు కట్టి చూస్తారు, ఏది తొందరగా నిండితే ఆ నాజిల్ విప్పాలి, మిగతా మూడూ ముట్టుకోనవసరం లేదు. నాలుగూ సమానంగా, తక్కువగా ఉంటే రైల్ చివర ఉండే ప్రెషర్ వాల్వ్ చూడాలి. ప్రెషర్ బాగా వస్తున్నా అంటుకోవట్లేదా, అయితే అదే స్క్రీన్ మీద ఆర్‌పీఎం చూడండి, సెల్ఫ్ తిరుగుతున్నా సున్నా చూపిస్తే ఇంజిన్ తిరగడాన్ని కంప్యూటర్‌కి చెప్పే క్రాంక్ సెన్సార్, అది కూడా వేడికి పనిచెయ్యడం మానేసేదే.

ప్రశ్న: మాది ఆమదాలవలస దగ్గర పల్లె. వానల్లో ఒక్కోసారి డబ్బాల్లో అమ్మే డీజిల్ పోయిస్తాను. ఈ మధ్య బండి జెర్క్ ఇస్తోంది.

జవాబు: ఆ డీజిల్ ఆపేయండి. ఫిల్టర్ కింద డ్రెయిన్ స్క్రూ ఉంటే వదులు చేసి గాజు సీసాలోకి పట్టి అరగంట కదపకుండా ఉంచండి, నీళ్ళు ఉంటే అడుగున విడిగా నిలుస్తాయి. నీళ్ళు కనిపిస్తే బండి తిప్పకండి, ట్యాంక్ దింపించి కడిగించి, ఫిల్టర్ కొత్తది వేయించి అప్పుడు స్టార్ట్ చెయ్యండి. పంప్‌కి, నాజిళ్ళకి డీజిలే ఆయిలు, నీళ్ళు పోయినా, కిరసనాయిలు కలిపినా లోపల ఇనుము ఇనుము రాసుకుంటుంది.