రైఫిల్‌కి ఎంత పెట్టాలంటే

చి. హారికకు, పెదనాన్న ఆశీస్సులు.

మూడేళ్లు ట్యూషన్లు చెప్పి రెండు లక్షల పదివేలు కూడబెట్టావని తెలిసి చాలా సంతోషం కలిగింది తల్లీ. పది మీటర్ల ఎయిర్ రైఫిల్ పోటీల కోసం మూడు లక్షల జర్మన్ రైఫిల్ మీద మనసు పడిందని, తక్కువైన తొంభై వేలూ మీ నాన్న అప్పు తెస్తానంటున్నాడని రాశావు. ఆ అప్పు ఇప్పుడు వద్దు. రైఫిల్ మంచిది కాదని కాదు, నీ లెక్క తలకిందులుగా మొదలైంది. నువ్వు రైఫిల్ ధర ముందు రాసుకుని మిగిలిన ఖర్చుల్ని దాని కింద సర్దుతున్నావు. ముందు ఏడాదిలో ఎన్ని షాట్లు కొడతావో రాయి, వాటికయ్యే ఖర్చు తీసెయ్యి. మిగిలిందే రైఫిల్ సొమ్ము.

వారానికి నాలుగు రోజులు, రోజుకు అరవై మ్యాచ్ షాట్లు, పదిహేను సైటర్లు (స్కోరులోకి రాని, గురి సరిచూసుకునే షాట్లు). అంటే వారానికి 300, నెలకు 1200, ఏడాదికి 14,400. డబ్బాకి 500 పెల్లెట్లు (చిన్న సీసపు గుండ్లు) కాబట్టి 29 డబ్బాలు. సాధన పెల్లెట్లు డబ్బా సుమారు 750 వేసుకున్నా దాదాపు 22 వేలు. ధరలు మారుతుంటాయి, ఇద్దరు డీలర్లకి ఫోన్ చేసి ఈ అంకెను సరిచేసుకో. జాకెట్, ప్యాంటు, బూట్లు, గ్లవ్ మన దేశంలో కొలతకు కుట్టించేవైనా 45 వేలు పక్కన పెట్టు. మ్యాచ్ ఎంట్రీలు, ప్రయాణాలు 15 వేలు. పెట్టె, శుభ్రం చేసే సామాను, బ్లైండర్లు (గురి చూడని కంటికి పెట్టే అడ్డుపలకలు) వగైరా 8 వేలు. ఏడాది మధ్యలో సీలు పోయిందనో గాలి ఒత్తిడి చూపే గేజ్ పోయిందనో చేయి చాచకుండా ఇంకో 10 వేలు. రేంజ్ (షూటింగ్ సాధన చేసే చోటు) ఫీజు మీ నాన్న కడతాడు కాబట్టి వదిలేద్దాం. మొత్తం లక్ష. రైఫిల్‌కి మిగిలేది 1,10,000. అదే నీ గీత, దాన్ని దాటకు. రైఫిల్‌కే అంతా పోసి జూన్ నుంచి పెల్లెట్లు లెక్కపెట్టుకుంటూ కొట్టేవాళ్లని ప్రతి రేంజ్‌లోనూ చూడొచ్చు. ఏనుగును కొని అంకుశానికి వెనుకాడడం అంటే అదే.

ఆ గీత లోపల కొన్నదానితో స్కోరు ఆగిపోతుందేమోనని నీ భయం. దానికి లెక్కలతోనే జవాబు చెప్తాను.

మన పది మీటర్ల టార్గెట్‌లో పది చుక్క అర మిల్లీమీటరు. ఒక్కో వలయం దాటాలంటే కేంద్రం నుంచి రెండున్నర మిల్లీమీటర్లు జరగాలి. పెల్లెట్ 4.5 మిల్లీమీటర్లది కాబట్టి, దాని నడిమధ్య టార్గెట్ నడిమధ్యకి రెండున్నర మిల్లీమీటర్ల లోపు పడితే పది వచ్చినట్టే. అక్కడి నుంచి కేంద్రం వైపు ప్రతి పావు మిల్లీమీటరుకీ ఒక్కో దశాంశం పెరుగుతుంది, 10.9 దాకా. ఇప్పుడు రైఫిల్‌ని కదలకుండా బిగింపులో పెట్టి పది షాట్లు కొడితే, ఆ రంధ్రాల గుంపు అంచు నుంచి అంచుకు 8 మిల్లీమీటర్లు వచ్చిందనుకో. అందులోంచి పెల్లెట్ మందం 4.5 తీసేస్తే మూడున్నర, అందులో సగం 1.75. అంటే చేయి ఏమాత్రం కదలకపోతే ఆ రైఫిల్ చెత్త షాటు కూడా 10.3. గుంపు 7 మిల్లీమీటర్లకు తగ్గితే చెత్త షాటు 10.5. లక్షా తొంభై వేలు ఎక్కువ పెట్టి నువ్వు కొనుక్కునేది ఈ రెండు దశాంశాల తేడా, అదీ చెత్త షాట్లలో మాత్రమే. నీ సగటు 594 అన్నావు, అంటే షాటుకు 9.9. నీ కార్డులో 8.8లు ఉన్నాయి. అవి బారెల్ నుంచి రావడం లేదమ్మా, భుజం నుంచీ ట్రిగ్గర్ మీది వేలు నుంచీ వస్తున్నాయి.

2012లో లండన్‌లో గగన్ నారంగ్ కాంస్యం గెలిచినప్పుడు క్వాలిఫికేషన్‌లో (ఫైనల్‌కి ముందు రౌండులో) పూర్తి అంకెలే లెక్క, 10.0కీ 10.9కీ తేడా లేదు. 2013 నుంచి దశాంశాలు వచ్చాయి. అప్పటి నుంచి అమ్మేవాళ్లు దశాంశాల పేరు చెప్పి ఖరీదైనవి చూపిస్తున్నారు. ఆ మాట 625 దాటినవాళ్లకు కొంత నిజం. 594 దగ్గర ఉన్న నీకు కాదు.

ఒక్క తేడా మాత్రం నిజంగా పెద్దది. స్ప్రింగ్ రైఫిల్‌కీ, నింపిన గాలితో పనిచేసే మ్యాచ్ రైఫిల్‌కీ మధ్య ఉన్నది. స్ప్రింగ్ దానిలో బరువైన పిస్టన్ ముందుకు దూకి ఆగుతుంది, ఆ కుదుపు పెల్లెట్ బారెల్ దాటకముందే వస్తుంది. ప్రతిసారీ ఒకేలా పట్టుకోకపోతే గుంపు విచ్చుకుంటుంది. పది మీటర్లలో 15 మిల్లీమీటర్ల గుంపు వస్తే, ఇందాకటి లెక్క ప్రకారం చెత్త షాటు 8.9. రాష్ట్ర పోటీల్లో ఓపెన్ సైట్ (గాడిలోంచి గురి చూసే) విభాగంలో మొదలుపెట్టేవాళ్లకి అది చాలు. నువ్వు చిన్న రంధ్రంలోంచి గురి చూసే పీప్ సైట్‌లో ఉన్నావు కాబట్టి, చవగ్గా వస్తుందని ఎవరెంత చెప్పినా స్ప్రింగ్ వైపు వెళ్లకు. స్ప్రింగ్ నుంచి మ్యాచ్ రైఫిల్‌కి పెట్టే డబ్బు మొత్తం స్కోరులో కనిపిస్తుంది. పాత మ్యాచ్ రైఫిల్ నుంచి కొత్త దానికి పెట్టేది చాలా కొంచెమే కనిపిస్తుంది.

కాబట్టి లక్షా పదివేలలో నువ్వు వెతకాల్సింది వాడిన మ్యాచ్ రైఫిల్. ఫైన్‌వెర్క్‌బావ్, వాల్టర్, స్టైర్, అన్‌షుట్జ్ ఏదైనా సరే. పై మెట్టుకి వెళ్లే సీనియర్లు పాతవి అమ్ముతుంటారు. గచ్చిబౌలి రేంజ్‌లో అడుగు, మీ కోచ్ చెవిలో కూడా వేసి ఉంచు. తొందర చూపించకు, తొందర కనిపిస్తే ధర పెరుగుతుంది.

చూడ్డానికి వెళ్లినప్పుడు మొదట గాలి నింపే సిలిండర్ చూడు, రైఫిల్ తర్వాత. సిలిండర్ మీద తయారైన నెల, సంవత్సరం కొట్టి ఉంటాయి. తయారీదారులు ఇచ్చే గడువు పదేళ్లు. లోపల 200 బార్ ఒత్తిడితో గాలి ఉంటుంది, నీ ముఖానికి జానెడు దూరంలో. గడువు దాటినదాన్ని నింపకూడదు. పోటీలో దాని బాధ్యత షూటర్‌దే. గడువు దాటినా, ఏడాదిలో దాటబోతున్నా కొత్త సిలిండర్ ధర కనుక్కుని అంత మొత్తం బేరంలో తగ్గించు. తొంభై వేలకు ఇస్తానన్న రైఫిల్, సిలిండర్ కలిపేసరికి లక్షా ఇరవై అయిందంటే నీ గీత దాటినట్టే. చాలామంది మోసపోయేది ఇక్కడే. అమ్మేవాళ్లు అబద్ధం చెప్పరు, మనం అడగం.

తర్వాత గాలి. సిలిండర్ నింపి, గేజ్ ముల్లు ఎక్కడుందో ఫోటో తీసి, రాత్రంతా రైఫిల్‌కి బిగించి ఉంచమను. తెల్లారి ముల్లు దిగి ఉంటే ఓ-రింగ్ (రబ్బరు వలయం) దగ్గర కారుతున్నట్టు. ఓ-రింగ్ చిన్న ఖర్చే, కానీ లోపలి వాల్వు కారుతుంటే కాదు. క్రోనోగ్రాఫ్ (పెల్లెట్ వేగం కొలిచే పరికరం) దొరికితే పది షాట్ల వేగం రాసుకో. మ్యాచ్ రైఫిల్ సెకనుకు 170, 175 మీటర్ల మధ్య ఉంటుంది. పది షాట్లలో హెచ్చుతగ్గులు రెండు మూడు మీటర్లు దాటకూడదు. ఐదారు మీటర్లు ఊగుతుంటే రెగ్యులేటర్ (ప్రతి షాటుకీ గాలి ఒత్తిడి సమంగా ఉంచే భాగం) సర్వీసుకి వచ్చినట్టు. అప్పుడు షాట్లు నిలువుగా పైకీ కిందికీ చీలుతాయి, నువ్వేమో ఊపిరి సరిగ్గా పట్టడం లేదనుకుని నెలల తరబడి నిన్ను నువ్వు తిట్టుకుంటావు.

ట్రిగ్గర్‌ని పెల్లెట్ లేకుండా నొక్కే డ్రై ఫైర్‌లో పెట్టి ఇరవైసార్లు నొక్కు. మొదటి దశ మెత్తగా వచ్చి, రెండో దశ దగ్గర గోడలా ఆగి, గాజు విరిగినట్టు తెగాలి. ఎక్కడైనా జారుతున్నట్టుంటే స్క్రూలు తిప్పి చూడమను, సరిదిద్దలేకపోతే వదిలెయ్యి. వెనక సైట్‌కి ఇలా చెయ్యి: ఐదు షాట్లు కొట్టు, కుడికి ఇరవై క్లిక్కులు తిప్పు, మళ్లీ ఎడమకి ఇరవై తిప్పి ఇంకో ఐదు కొట్టు. గుంపు పాత చోటికి తిరిగి రావాలి. రాకపోతే సైట్‌లో ఆట పడింది (వదులైంది), సైట్ మార్చడం చవక కాదు. బారెల్ మూతిని వేలిగోరుతో తడుము, నొక్కు ఉండకూడదు. ఆఖరున బిగింపులో పెట్టి పది షాట్లు కొట్టించి, వెర్నియర్‌తో గుంపు కొలువు. 8 మిల్లీమీటర్ల లోపు వస్తే ఇంకేం కావాలి?

ఇదే పరీక్ష కొనకముందే నువ్విప్పుడు వాడుతున్న క్లబ్బు రైఫిల్‌కి కూడా చేయించు. దానికీ 8 మిల్లీమీటర్లే వస్తే ఇంకో ఆరునెలలు దానితోనే కొట్టినా నష్టం లేదు. మంచి రైఫిల్ కోసం ఓపిగ్గా వెతుకుతావు.

ఒంటికి కుదరడం గురించి చిన్న పరీక్ష. జాకెట్ వేసుకుని, కళ్లు మూసుకుని రైఫిల్ ఎత్తి భుజానికి ఆనించు, చెంప పెట్టు. కళ్లు తెరిచేసరికి పీప్‌లోంచి సూటిగా కనబడాలి, మెడ వంచాల్సిన పని ఉండకూడదు. చీక్ పీస్ (చెంప ఆనేది), బట్ ప్లేట్ (భుజానికి ఆనేది) చివరిదాకా జరిపినా కుదరకపోతే ఆ స్టాక్ (రైఫిల్‌ని పట్టుకునే చట్రం) నీది కాదు. గ్రిప్ సైజు కూడా చూడు. పొడవాటి చేతులవాళ్ల గ్రిప్ నీ వేలిని ట్రిగ్గర్‌కి పక్కనుంచి తగిలేలా చేస్తుంది, షాట్లు అడ్డంగా పడతాయి. బరువు గురించి భయపడకు, నియమం ప్రకారం ఐదున్నర కిలోలు దాటకపోతే చాలు. తక్కువైతే బరువులు తగిలించుకోవచ్చు.

జాకెట్ మాత్రం వాడినది కొనవద్దు. నా లెక్కలో నీకు రైఫిల్ కంటే ఎక్కువ పాయింట్లు ఇచ్చేది అదే. ఇప్పుడు వేసుకుంటున్న క్లబ్బు జాకెట్ నీకు ఒదులు, నీ నడుము దగ్గర ఆసరా లేదు. ఇంకొకరి ఒంటికి అలవాటుపడిన కాన్వాసు నీ ఒంటికి వంగదు. బట్ట ఒక్క పొర 2.5 మిల్లీమీటర్లు దాటకూడదు, మరీ బిరుసుగా ఉన్నా పోటీలో కొలతల దగ్గర ఆపేస్తారు. కుట్టించేటప్పుడు దర్జీకి ఈ నియమాలు చెప్పి, రసీదు మీద రాయించుకో. చెమట పట్టిన జాకెట్‌ని ఎండలో వేయకు, నీడలో వేలాడదియ్యి.

పెల్లెట్లు ఒకేసారి పాతిక డబ్బాలు తెచ్చుకోవద్దు. పెల్లెట్ తల 4.49, 4.50, 4.51 మిల్లీమీటర్ల సైజుల్లో ఒక్కో డబ్బా తెచ్చి బిగింపులో పరీక్షించు. బాగా పడ్డ డబ్బా మీద లాట్ నంబరు (ఏ విడతలో తయారైందో చెప్పేది) రాసి ఉంటుంది. అదే నంబరువి ఆరు డబ్బాలు మ్యాచ్‌ల కోసం దాచుకో. మామూలు సాధనకి చవకవి చాలు. సీసం కాబట్టి కొట్టాక చేతులు సబ్బుతో కడుక్కోకుండా ఏమీ తినకు.

గాలి నింపడానికి టైరు షాపు కంప్రెసర్ పనికిరాదు, అది సాధారణంగా పది బార్లకి మించదు. స్కూబా ట్యాంకుకి అడాప్టర్ పెట్టి మెల్లగా నింపాలి. గబగబా నింపితే సిలిండర్ వేడెక్కుతుంది, చల్లారాక ముల్లు పడిపోతుంది. 200 బార్ దాటించవద్దు. గాలి కాకుండా ఆక్సిజన్ సిలిండర్ నుంచి నింపుదామని ఎవరైనా అంటే అక్కడి నుంచి లేచి వచ్చెయ్యి. నూనె తగిలిన చోట ఆక్సిజన్ పేలుతుంది.

కాగితాల విషయం. 2016 ఆయుధ నియమాల ప్రకారం 4.5 మిల్లీమీటర్లు, 20 జౌల్స్ శక్తి దాటని ఎయిర్ రైఫిల్‌కి లైసెన్సు అక్కర్లేదు. మ్యాచ్ రైఫిల్ ఏడున్నర జౌల్స్ దగ్గరే ఉంటుంది. అయినా నీ ఆధార్, చిరునామా కాగితం ఇచ్చి, సీరియల్ నంబరుతో బిల్లు నీ పేరు మీద తీసుకో. వాడినదైతే అమ్మినవాళ్ల పాత బిల్లు నకలు, నంబరు వేసి సంతకం చేసిన కాగితం తప్పనిసరి. బిల్లు లేదంటే ఎంత చవకైనా వద్దు. ప్రయాణంలో తాళం వేసిన పెట్టెలో, సిలిండర్ విప్పేసి, బిల్లు నకలూ క్లబ్బు కార్డూ పక్కనే పెట్టుకో. విమానమైతే ముందుగా సంస్థకి చెప్పి, సిలిండర్‌లో గాలి పూర్తిగా వదిలెయ్యాలి. బారెల్ పొడవునా పోయే నారింజ రంగు సేఫ్టీ తాడు లేకుండా రేంజ్‌లో పెట్టె తెరవకు. ఇంట్లో పిల్లలున్నారు కదా, పెల్లెట్లు ఒక బీరువాలో, రైఫిల్ ఇంకో బీరువాలో తాళాలు వేసి ఉంచు.

వచ్చే వారం క్లబ్బు రైఫిల్ పరీక్ష చేయించినప్పుడు ఆ కార్డు, వెర్నియర్ కొలతలు ఫోన్‌లో పంపు. నీ చేతితో కొట్టిన అరవై షాట్ల కార్డు కూడా అదే రోజుది పంపు. రెండూ పక్కపక్కన పెట్టి చూశాకే ఏ రైఫిల్ చూడాలో మాట్లాడుకుందాం. మీ నాన్నకి ఆ అప్పు కాగితం మీద సంతకం పెట్టొద్దని నేను ఈ రాత్రే చెప్తాను.

ఆశీస్సులతో,
పెదనాన్న