గుడ్డెలుగు గుడ్డిదా?

సందేహం: మాది గడ్చిరోలి జిల్లా సిరొంచ తాలూకా. ఇంట్లో తెలుగు, పిల్లలకు బడిలో మరాఠీ. మేం ఎలుగుబంటిని ‘గుడ్డెలుగు’ అంటుంటే మా బాబు “అస్వల్‌కు కళ్లు కనిపించవా అమ్మా?” అని అడిగాడు. మరాఠీలో అస్వల్ అంటే ఎలుగుబంటే. ఇది గుడ్డి ఎలుగేనా? ‘ఎలుగెత్తి పిలవడం’లోని ఎలుగుకూ దీనికీ సంబంధం ఉందా? వాడి ప్రాజెక్టులో స్లాత్ బేర్‌ను ‘బద్ధకపు ఎలుగుబంటి’ అని రాయొచ్చా?

సమాధానం: అమ్మా, మీ బాబు అడిగింది చాలా మంచి ప్రశ్న. ఎలుగుబంటికి కళ్లు కనిపిస్తాయి. కాకపోతే మన అడవుల్లో ఉండే రకానికి (ఇంగ్లిషులో స్లాత్ బేర్ అనేది దీన్నే) చూపు మందం, వినికిడీ అంతంతమాత్రమే. బతుకంతా ముక్కు మీదే. ఇప్పపువ్వు రాలే రోజుల్లో తెల్లవారుజామున చెట్ల కింద మనిషీ ఎలుగూ ఎదురుపడేది అందుకే. దగ్గరికొచ్చేదాకా అది మనల్ని గుర్తించదు, గుర్తించగానే బెదిరి మీద పడుతుంది. అలాంటి జంతువును చూసినవాళ్లకు ‘గుడ్డి’ అనే మాట తోచడం సహజం.

అయినా నా మొగ్గు ‘గొడ్డు’ వైపే. పాత నిఘంటువుల్లో ఎలుగుబంటికి ‘ఎలుగుగొడ్డు’ అనే పేరుంది. గొడ్డు అంటే పశువు, గొడ్డూ గోదా అంటామే, అదే. ఈ రెండు మాటల్నీ తిరగేస్తే గొడ్డు + ఎలుగు, ఉత్వసంధితో గొడ్డెలుగు. మన వాడుకలో ఒ, ఉ తారుమారవడం కొత్త కాదు: పొగాకును పుగాకు అనేవాళ్లున్నారు, కొంచెం కుంచెం అవుతుంది. అలా గొడ్డెలుగు గుడ్డెలుగైతే, దాని మందపు చూపు తెలిసినవాళ్లకు అందులో ‘గుడ్డి’ వినిపించింది. మాటకు జనం తమ అనుభవాన్ని బట్టి అర్థం చెప్పుకోవడాన్ని లోకనిరుక్తి అంటారు. కాబట్టి గుడ్డెలుగు తప్పు మాట కాదు. సిరొంచలోనూ, ప్రాణహిత దాటితే తెలంగాణలోనూ బతికున్న మాట. పిల్లల చేత మాన్పించకండి.

ఇక గొంతు అనే అర్థంలోని ఎలుగు వేరు. ఎలుగెత్తడం, ఎలుగు రాయడం (గొంతు బొంగురుపోవడం) దాని నుంచి వచ్చినవి. జంతువు పేరుకు చుట్టం పాత తమిళంలో ఉంది: ‘ఎణ్కు’ అంటే ఎలుగుబంటే. ఇప్పటి తమిళులు, కన్నడిగులు ‘కరడి’ అంటున్నారు. ఆ పాత మాటను రోజువారీ మాటగా మనం నిలుపుకున్నాం. నాకు ఇది ఎంతో సంతోషం కలిగించే సంగతి.

అలాగని ఎలుగుబంటికి చప్పుడు లేదనుకోకండి. దాని పైదవడలో ముందుపళ్లు రెండు ఉండవు. పుట్టను గోళ్లతో తవ్వి, ముక్కురంధ్రాలు మూసుకుని, మట్టిని ఊది, ఆ సందులోంచి చెదల్ని గట్టిగా పీలుస్తుంది. ఆ చప్పుడు వంద గజాల అవతలికి కూడా వినిపిస్తుంది.

మీ మూడో సందేహానికి జవాబు ఆ పళ్ల దగ్గరే ఉంది. 1791లో జార్జ్ షా అనే ఇంగ్లండు జంతుశాస్త్రవేత్త ఆ పొడవాటి గోళ్లనూ లేని పళ్లనూ చూసి, ఇది దక్షిణ అమెరికాలో చెట్లకు వేలాడే స్లాత్‌కు చుట్టమనుకుని ఆ పేరే పెట్టాడు. తర్వాత పొరపాటు తెలిసింది గానీ ఇంగ్లిషు పేరులో ‘స్లాత్’ మిగిలిపోయింది. ఆ మాటకు బద్ధకం అనే అర్థమూ ఉంది కాబట్టి ఉన్నదున్నట్టు అనువదిస్తే మనకు ‘బద్ధకపు ఎలుగుబంటి’ తయారవుతుంది. అసలు ఈ జంతువులో బద్ధకం ఎక్కడుంది? పరుగులో మనిషిని దాటిపోతుంది. చలిదేశాల ఎలుగుల్లా శీతాకాలమంతా పడుకోదు. తల్లి ఎలుగైతే పిల్లల్ని నెలల తరబడి ఉప్పుమూటలా వీపున మోస్తూ తిరుగుతుంది. ఇలా మోసే అలవాటు ఎలుగు జాతుల్లో దీనికే ఉంది.

ప్రాజెక్టులో ‘ఎలుగుబంటి’ అని రాయించండి, పక్కనే ‘మా ఊళ్లో గుడ్డెలుగు అంటాం’ అని కూడా. తల్లి వీపు మీద పిల్లలున్న బొమ్మ వేయిస్తే ఇంకా బాగుంటుంది.