పైథాన్‌లో డెసిమల్ లెక్కలు నెమ్మదిగా ఉన్నాయి, ఫ్లోట్‌కి మారొచ్చా?

ఫ్లోట్‌కి (దశాంశాలని దగ్గరి విలువగా దాచే సంఖ్యల టైపు) మాత్రం మారకండి. రొయ్యల కొనుగోలు బిల్లులు పాండాస్‌లో (పట్టికల లెక్కలకి వాడే పైథాన్ లైబ్రరీ) డెసిమల్‌గా (దశాంశాలని ఉన్నదున్నట్టు దాచే టైపు) పెట్టాను, సీజన్ రిపోర్టు కదలడం లేదు అన్నారు కదా. భీమవరం దగ్గర ఇలాంటి కాటా బిల్లింగే నేనూ రాసి నడుపుతున్నానండి. తప్పంతా డెసిమల్‌ది కాదు.

పైథాన్ 3.3 (2012) రాకముందు డెసిమల్ మాడ్యూల్ పూర్తిగా పైథాన్‌లోనే ఉండేది, అప్పట్లో నిజంగానే స్లో. 3.3లో సీ భాషలో రాసిన లిబ్‌ఎంపీడెక్ అనే లైబ్రరీ వచ్చింది. ఫోన్ బిల్లులు లెక్కకట్టే టెల్కో బెంచ్‌మార్క్ అనే వేగ పరీక్ష దాంతో 30 రెట్లు వేగంగా నడిచింది. ఇప్పటికీ కొందరికి ఉన్న భయం ఆ పాత రోజులదే అనుకుంటాను.

పాండాస్‌లో మాత్రం డెసిమల్ పెడితే ఆ కాలమ్ ఆబ్జెక్ట్ టైపు అయిపోతుంది. నమ్‌పై (పాండాస్ వెనకుండే లెక్కల లైబ్రరీ) ఒక్క ఊపులో చేసే గుణకారం కాస్తా వరసకో పైథాన్ ఆబ్జెక్టు పట్టుకుని చేయాల్సి వస్తుంది. పైగా ప్రతి వరసకీ క్వాంటైజ్ (పైసలకి రౌండ్ చేసే ఫంక్షన్) పిలుస్తుంటే ఇక చెప్పేదేముంది!

నా పద్ధతి ఇది: తూకం గ్రాముల్లో, రేటు పైసల్లో, రెండూ ఇంట్64 (64 బిట్ల పూర్ణాంకం). 37.250 కిలోల రొయ్య, కిలో 412.50 అనుకోండి. 37250 ని 41250 తో గుణించి, రౌండింగ్ కోసం 500 కలిపి, 1000 తో పూర్ణాంక భాగహారం చేస్తే 1536563 పైసలు, అంటే రూ. 15,365.63. అసలు విలువ 15365.625. డెసిమల్‌లో రౌండింగ్ చెప్పకుండా వదిలేస్తే సరి అంకె వైపు మొగ్గి .62 ఇస్తుంది. పైసాయే కదా అనుకోవద్దు, చేత్తో లెక్క కట్టుకున్న రైతు మీ బిల్లు పక్కన తన చీటీ పెట్టి అడుగుతాడు. రిటర్నులకి మైనస్ తూకాలు వస్తే ఈ 500 కిటుకు సగం దగ్గర తేడా కొడుతుంది. అక్కడ గుర్తు విడిగా తీసి లెక్కకట్టండి.

రేటుని పైసల్లోకి మార్చేటప్పుడు ఫ్లోట్ మీదుగా వెళ్లకండి. 1.15 ని 100 తో గుణించి ఇంట్ చేస్తే 114 వస్తుంది. టైప్ చేసిన అక్షరాల నుంచి నేరుగా డెసిమల్ చేసి, ఆ తర్వాత పైసలు చేయండి. ఎస్‌క్యూలైట్ డేటాబేస్ వాడుతుంటే దాంట్లో అసలు డెసిమల్ టైపే లేదు, కాబట్టి పైసలే దాచండి.

బిల్లు కొట్టే స్క్రీన్‌లో డెసిమల్ అలాగే ఉంచేయండి. కాటా దగ్గర ఒక్క బిల్లుకి ఆ తేడా ఎవరికీ తెలియదు. మార్చాల్సింది రిపోర్టు ఒక్కటే. అదీ ముందు సీప్రొఫైల్ (ఎక్కడ ఎంత టైమ్ పోతోందో చూపే పైథాన్ పనిముట్టు) పెట్టి చూశాకే, ఎందుకంటే టైమంతా ఎక్సెల్ ఫైల్ రాయడంలో పోతుంటే ఈ పనంతా దండగ.