పరాగనాళానికి అండం దారి ఎలా చూపుతుంది?
పువ్వు కీలాగ్రంపై పుప్పొడి రేణువు నుంచి మొలకెత్తిన పరాగనాళం అనే సన్నని గొట్టం సరిగ్గా అండానికున్న చిన్న రంధ్రమైన అండద్వారానికే ఎలా చేరుతుందన్న ప్రశ్నకు స్పష్టమైన జవాబు టొరేనియా అనే తోటపూల మొక్కలో దొరికింది. దాని పిండకోశం (అండంలో స్త్రీబీజం ఉండే భాగం) అండకవచాల నుంచి బయటికి పొడుచుకొని ఉండటంతో, ఇతర మొక్కల్లో మరుగున ఉండే కణాలు ఇందులో సూక్ష్మదర్శిని కింద నేరుగా కనిపిస్తాయి. స్త్రీబీజం పక్కనున్న రెండు సహాయకణాలనూ లేజర్‌తో నాశనం చేస్తే నాళాలు అటు తిరగవనీ, ఒక్కటి మిగిలినా ఆకర్షణ కొంత నిలుస్తుందనీ జపాన్‌కు చెందిన హిగషియామా బృందం 2001లో నిరూపించింది. ఆ కణాలు స్రవించే ఆకర్షకాలు సిస్టీన్ అనే అమైనో ఆమ్లం అధికంగా గల ల్యూర్ అనే చిన్న ప్రోటీన్లని 2009లో తేలింది. అయితే, నా దృష్టిలో ఇంతకంటే ఆసక్తికరమైన విషయం ఒకటుంది: కీలం గుండా పెరిగి వచ్చిన నాళం సైతం, అండం నుంచే వెలువడే ఆమోర్ అనే చక్కెర గొలుసు ప్రభావానికి లోనైన తరువాతే ల్యూర్‌లకు స్పందించే సామర్థ్యం పొందుతుంది.