మైనర్లు నేరాల వైపు ఎందుకు మళ్లుతారు?

విజయవాడలో బైకు దొంగతనాల్లో, గంజాయి కేసుల్లో మైనర్లు దొరికారని విన్నప్పుడల్లా, తప్పంతా తల్లిదండ్రుల పెంపకానిదేనా అనిపిస్తుంది. పెంపకం పాత్ర ఉంది, కానీ అంతా దాని మీదకే నెట్టేయలేం.

నా లెక్కలో మొదటిది స్నేహాలు. 2005లో అమెరికాలో గార్డ్‌నర్, స్టైన్‌బర్గ్ అనే సైకాలజిస్టులు కారు నడిపే వీడియో గేమ్ ఆడించి చూశారు. టీనేజర్లు ఒంటరిగా ఆడినప్పటికంటే పక్కన స్నేహితులున్నప్పుడు బాగా ఎక్కువ రిస్క్ తీసుకున్నారు. పెద్దవాళ్లలో ఆ తేడా దాదాపు లేదు. "ఏరా, భయమా?" అని పక్కవాడు ఒక్క మాట అంటే చాలు, తాళం వదిలేసిన బైకు కదిలిపోతుంది.

బడి మానేయడం ఇంకోటి. రోజంతా ఖాళీ, అడిగేవాళ్లు లేరు. దానికి తోడు ఇంట్లో తాగొచ్చి కొట్టే తండ్రి ఉంటే, కుర్రాడు ఇల్లు తప్ప ఎక్కడైనా ఉంటాడు. కొందరు రైలెక్కేస్తారు. విజయవాడ పెద్ద జంక్షన్ కదా, ప్లాట్‌ఫాం మీద వాళ్లని ముందు పలకరించింది ఎవరన్నదే కీలకం. (అలాంటి పిల్లలు కనిపిస్తే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి.)

పేదరికమే కారణమంటే మాత్రం ఒప్పుకోను. ఉన్నవాళ్ల పిల్లాడి గొడవ చాలాసార్లు స్టేషన్ బయటే సెటిలైపోతుంది, అంతే తేడా.

2015 జువెనైల్ జస్టిస్ చట్టం కూడా ఒక్క కారణంతో సరిపెట్టుకోదు. పిల్లాణ్ని మైనర్ల కేసులు విచారించే జువెనైల్ జస్టిస్ బోర్డు ముందు హాజరుపరిచిన 15 రోజుల్లోగా ప్రొబేషన్ అధికారి ఇల్లు, చదువు, స్నేహాలు అన్నీ వాకబు చేసి రిపోర్టు ఇవ్వాలి.