రామోన్స్ డీలక్స్ సెట్ ఇప్పుడే కొనాలా, 50 ఏళ్ళ ఎడిషన్ కోసం ఆగాలా?

మీరు అడిగింది ఇదీ: రామోన్స్ అనే అమెరికన్ పంక్ రాక్ బ్యాండ్ మొదటి ఆల్బమ్ 1976 ఏప్రిల్‌లో వచ్చింది, అంటే 2026కి 50 ఏళ్ళు, కాబట్టి పాత ఆల్బమ్‌కి అదనపు రికార్డింగులు చేర్చి వేసే కొత్త డీలక్స్ సెట్ కోసం ఎదురుచూడాలా, లేక 2016లో వచ్చిన 40 ఏళ్ళ సెట్ ఎక్కడైనా దొరికితే కొనేయాలా, అసలు పాటలన్నీ ఫోన్‌లోనే వినిపిస్తుంటే ఇంత డబ్బు దండగా అని.

నేనైతే ముందు ఆ 2016 సెట్‌లోని మోనో మిక్స్, అంటే వాయిద్యాలూ గొంతూ అన్నీ ఒకటిగా కలిపి రెండు చెవులకీ ఒకేలా వినిపించేది, వినమంటాను. స్ట్రీమింగ్‌లో కూడా ఉంది. అది మీకు పట్టేస్తే ఇక ఆగొద్దు, కొనేయండి. ఎందుకో చెప్పాలంటే నా సంగతి కొంచెం చెప్పాలి.

మా పెద్దమ్మ కొడుకు షిప్పులో పనిచేసేవాడు. వైజాగ్‌లో చాలామంది ఇళ్ళల్లో అలాంటి అన్నయ్య ఒకడుంటాడు, సెలవుకి వచ్చినప్పుడల్లా సూట్‌కేసు చుట్టూ అందరం చేరిపోయేవాళ్ళం. 1998లో నాకు ఈ మొదటి ఆల్బమ్ క్యాసెట్ తెచ్చాడు. బ్లాక్ అండ్ వైట్ ఫొటో, ఇటుక గోడ ముందు లెదర్ జాకెట్లు, చిరిగిన జీన్స్‌లో నలుగురు. నేనప్పుడు ఇంటర్ రెండో సంవత్సరం. నా వాక్‌మన్ ఇయర్‌ఫోన్‌లో కుడివైపుది పోయింది, కొత్తది కొనమంటే పరీక్షలయ్యాక చూద్దామన్నారు నాన్న. అలా ఐదారు నెలలు పెద వాల్తేరులో మా మేడ మీద కూర్చుని ఎడమ చెవితోనే విన్నాను. బేస్, డ్రమ్స్, జోయీ గొంతు, అంతే. గిటార్ ఎక్కడో రెండిళ్ళ అవతల మోగినట్టు ఉండేది. ఈ బ్యాండ్ పద్ధతే ఇది కాబోలు అనుకున్నాను, అలాగే ఇష్టపడ్డాను కూడా. పరీక్షలయ్యాక ఎంవీపీ కాలనీలో నా స్నేహితురాలి ఇంట్లో, హాల్లో ఉన్న రెండు పెద్ద స్పీకర్ల మీద అదే క్యాసెట్ పెడితే కుడి స్పీకర్లోంచి జానీ గిటార్ ఒక్కసారిగా మీద పడింది. వాళ్ళమ్మగారు వంటింట్లోంచి పరుగున వచ్చారు. నేను మాత్రం కదల్లేదు, రెండు వైపులా అయ్యేదాకా అక్కడే నేల మీద కూర్చుండిపోయాను.

తర్వాత ఎప్పుడో తెలిసింది, ఆ ఆల్బమ్ స్టీరియో మిక్స్ చేసిందే అలాగని. బేస్ అంతా ఎడమవైపు, గిటార్ అంతా కుడివైపు, గొంతూ డ్రమ్సూ మధ్యలో. వారం రోజుల్లో, 6,400 డాలర్ల ఖర్చుతో ముగించిన రికార్డింగ్ అది. 14 పాటలు, మొత్తం 29 నిమిషాలు. ఆ రోజుల్లో పెద్ద బ్యాండ్లు ఒక్కో ఆల్బమ్‌కి నెలల తరబడి స్టూడియోలో ఉండేవి, వీళ్ళు మాత్రం న్యూయార్క్‌లో సీబీజీబీ అనే చిన్న క్లబ్బులో వాయించినట్టే వాయించి బయటికొచ్చేశారు.

2016 సెట్ కోసం, అప్పట్లో ఆ ఆల్బమ్ ప్రొడ్యూస్ చేసిన క్రెయిగ్ లియానే మోనో మిక్స్ చేశాడు. మూడు సీడీలు, ఒక ఎల్పీ (పెద్ద వినైల్ రికార్డు), ఎల్పీ సైజు గట్టి అట్ట పుస్తకంలో వస్తాయి. 1976 అనే సంవత్సరాన్ని గుర్తుచేస్తూ 19,760 కాపీలే వేశారు, ఒక్కోదానికీ నంబరు ఉంటుంది. నాది మా చెల్లెలు అమెరికా నుంచి సంక్రాంతికి వస్తూ చేతి బ్యాగులో పెట్టుకుని తెచ్చింది. ఆ రాత్రే మోనో పెట్టాను. గిటార్, బేస్, డ్రమ్స్, గొంతు అన్నీ ఒకే చోటి నుంచి, ఒకే ముద్దగా, నలుగురూ చిన్న గదిలో మన ఎదురుగా నిలబడి వాయిస్తున్నట్టు. మోనోలో రెండు చెవులకీ వచ్చేది ఒకటే కాబట్టి ఇంటర్లో నా దగ్గర ఇది ఉంటే ఆ ఒక్క చెవితోనే బ్యాండ్ మొత్తం వినేదాన్ని. ఆ మాట తట్టగానే నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

అన్నయ్య ఇచ్చిన క్యాసెట్ ఇప్పుడు లేదు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు మేడ మీద కిటికీ అద్దాలు పగిలి నీళ్ళన్నీ గదిలోకి వచ్చాయి. కింది అరలో ఉన్న క్యాసెట్లన్నీ తడిసిపోయాయి, రోజుల తరబడి కరెంటు లేదు, తీసి ఆరబెట్టేసరికి టేపులు అతుక్కుపోయాయి. అదే ఏడాది ఏప్రిల్‌లో ఆ ఆల్బమ్‌కి అమెరికాలో గోల్డ్ సర్టిఫికెట్ వచ్చింది, అంటే 5 లక్షల కాపీలు, 38 ఏళ్ళు పట్టింది. జూలైలో డ్రమ్స్ వాయించిన టామీ పోయాడు. జోయీ 2001లో, బేస్ వాయించిన డీ డీ 2002లో, జానీ 2004లో అంతకుముందే వెళ్ళిపోయారు. ఆ ఫొటోలో ఉన్న నలుగురిలో ఇప్పుడు ఒక్కరూ లేరు. మనలాంటివాళ్ళం ఈ ఎడిషన్ల కోసం ఎందుకు ఇంతగా ఎదురుచూస్తామని ఇంట్లోవాళ్ళు అడుగుతుంటారు కదా, నా దగ్గరున్న జవాబు ఇదే. వాళ్ళు కొత్తగా ఏమీ పాడరు. పాత టేపుల్లోంచి ఒక డెమో (ఆల్బమ్‌కి ముందు చేసిన నమూనా రికార్డింగు), ఒక లైవ్ బయటికొస్తే అదే మనకి కొత్త పాట.

అందుకే డీలక్స్ కొనేటప్పుడు రీమాస్టర్ (పాత రికార్డింగు సౌండునే మళ్ళీ సరిచేయడం) అన్న మాట చూసి కొనకండి, ఇంతకుముందు వినని టేపు ఏముందో చూడండి. మొదటి ఆల్బమ్ సెట్‌లో మోనో కాక డెమోలున్నాయి, 1976 ఆగస్టు 12న కాలిఫోర్నియాలో రాక్సీ అనే క్లబ్బులో ఒకే రోజు చేసిన రెండు షోలూ ఉన్నాయి. రెండూ ఒకేలా ఉంటాయిగా అనిపిస్తుంది, వరసగా వింటే రెండోదానిలో వేడి పెరగడం నాకు స్పష్టంగా తెలుస్తుంది. తర్వాత వచ్చిన సెట్లలో రెండో ఆల్బమ్ లీవ్ హోమ్‌కి సౌండ్ ఇంజనీర్ ఎడ్ స్టేసియమ్ చేసిన కొత్త మిక్స్, 1977 నాటి సీబీజీబీ లైవ్ ఉన్నాయి, అది కూడా కొనదగ్గదే. మూడో ఆల్బమ్ రాకెట్ టు రష్యాలో గ్లాస్గో లైవ్ బాగుంటుంది. నాలుగోది రోడ్ టు రూయిన్ మాత్రం మీకు బాగా ఇష్టమైతేనే.

రాకెట్ టు రష్యా నేను కొరియర్‌లో తెప్పించుకున్నాను, అనుకున్నదానికంటే కస్టమ్స్ ఎక్కువ పడింది, పైగా పెట్టె మూల నలిగిపోయి వచ్చింది. ఎల్పీకి ఏమీ కాలేదు కానీ ఆ రోజంతా మనసు బాలేదు. వీలైతే వచ్చేవాళ్ళ చేత తెప్పించుకోండి. లేదా అమ్మేవాడిని గట్టి అట్టపెట్టెలో రెండు వరసలు చుట్టమని ముందే అడగండి, డ్యూటీ ఎంత పడుతుందో లెక్కేసుకున్నాకే డబ్బు కట్టండి.

మన ఊళ్ళో ఇంకో విషయం, ఉప్పు గాలి, తేమ. బీచ్ వైపు గోడకి ఆనించి పెడితే అట్ట మీద, రికార్డు మీద తెల్లగా బూజు పట్టేస్తుంది. నిలబెట్టి పెట్టండి, పైన ప్లాస్టిక్ కవరు వేయండి, అరలో సిలికా జెల్ పొట్లాలు పెట్టి వానాకాలం ముందు మార్చండి. కింది అరలో మాత్రం వద్దు, ఎప్పటికీ వద్దు.

50 ఏళ్ళకి ఏం వేసినా మోనోనీ ఆ రాక్సీ షోలనీ 2016 సెట్ ఇప్పటికే మీ చేతికి ఇస్తుంది కాబట్టి దొరికితే వదులుకోవద్దంటున్నాను. గాజువాకలోనే ఉంటానన్నారు కదా, కొనేముందు ఒక మెసేజ్ పెట్టి ఏదైనా ఆదివారం మా ఇంటికి రండి, మోనో ఎల్పీ వేస్తాను. రెండు వైపులా కలిపినా అరగంట పట్టదు.