‘నేనే పొట్టన పెట్టుకున్నాను’ అంటే నేరం ఒప్పుకున్నట్లేనా?

ప్రశ్న: మాది కావలి దగ్గర పల్లె. మా చెల్లెలిని మేనమామ కొడుక్కే ఇచ్చాం. ఆరేళ్లలో ముగ్గురు బిడ్డలు పుట్టారు. ముగ్గురూ నాలుగు నెలలు నిండకముందే నిద్రలో పోయారు. మొదటి ఇద్దరినీ పోస్టుమార్టం లేకుండానే పూడ్చాం. మూడో బిడ్డ పోయాక చెల్లెలి మీద అనుమానం ఉందని మా అత్తే ఫిర్యాదు చేసింది. పోస్టుమార్టంలో కారణం తేలలేదు, విసెరా (లోపలి అవయవాల నమూనాలు) ల్యాబుకు పంపారు. ఆ రోజు చెల్లెలు ‘నా బిడ్డల్ని నేనే పొట్టన పెట్టుకున్నాను’ అని ఏడ్చింది. అది నేరం ఒప్పుకున్నట్లేనంటూ ఎస్సై రోజూ స్టేషనుకు రమ్మంటున్నారు. ఏం చేయాలి?

జవాబు: బిడ్డ పోయిన ఇంట్లో ఆ మాట అనని తల్లిని నేను చూడలేదు. జ్వరంతో పోయినా, చెరువులో పడి పోయినా తల్లి ఏడ్చేది అలాగే. బంధువుల ముందు అన్న మాటను కోర్టు బయటి ఒప్పుకోలుగా చూపవచ్చు గాని, అది బలహీనమైన సాక్ష్యమని సుప్రీంకోర్టు ఎన్నోసార్లు చెప్పింది. ఏం చేసిందో, ఎలా చేసిందో లేని శోకం ఒప్పుకోలు కాదు. ఆస్ట్రేలియాలో క్యాథ్లీన్ ఫోల్బిగ్ అనే తల్లి డైరీలో తనను తాను నిందించుకున్న మాటలనే 2003లో ఆమె మీద ప్రయోగించారు. నలుగురు బిడ్డలను పోగొట్టుకున్న ఆమె ఇరవై ఏళ్లు జైల్లో ఉంది. ఆడపిల్లలిద్దరిలో గుండె లయను దెబ్బతీయగల జన్యులోపం బయటపడ్డాక, 2023లో శిక్ష రద్దయింది.

మీ చెల్లెలు స్టేషనుకు వెళ్లనక్కర లేదు. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత 179వ సెక్షన్ ప్రకారం స్త్రీని ఆమె ఇంటి దగ్గరే విచారించాలి. 1978లో నందినీ సత్పతి కేసులో సుప్రీంకోర్టు ఇదే చెప్పింది, అనుమానితులకు మౌనహక్కు ఉందని కూడా చెప్పింది. పోలీసులు రాసుకునే వాంగ్మూలం మీద సంతకం పెట్టనక్కర లేదు. తెల్లకాగితం మీద అసలే వద్దు.

ఇప్పుడున్నది అదే సంహిత 194వ సెక్షన్ కింద అనుమానాస్పద మృతి కేసే అయి ఉంటుంది. ఎఫ్ఐఆర్ నకలు తీసి చూడండి. పోలీసులు దాన్ని హత్యగా, అంటే (పాత ఐపీసీ స్థానంలో వచ్చిన) భారతీయ న్యాయ సంహిత 103వ సెక్షన్‌గా మార్చినా, శిక్ష పడాలంటే ముందు అది హత్యేనని తేలాలి. ‘బిడ్డలు ఆమె దగ్గరే ఉన్నారు, ఆమే చెప్పాలి’ అనడం చాలదు. ప్రాసిక్యూషన్ తన వంతు రుజువు చూపనిదే సంజాయిషీ చెప్పుకునే భారం నిందితుల మీదికి రాదని 1956 నాటి శంభునాథ్ మెహ్రా తీర్పు.

‘ఒకటి సరే, మూడు ఎలా?’ అని ఊరంతా అడుగుతుంది. ఇంగ్లండులో ఇద్దరు బిడ్డలను చంపిందని శిక్ష పడిన శాలీ క్లార్క్ అనే తల్లి కేసులో ఒక పేరున్న డాక్టరు అదే అడిగాడు. నిద్రలో ఒక బిడ్డ పోవడం 8,543లో ఒకటి కాబట్టి, ఇద్దరు పోవడం 7.3 కోట్లలో ఒకటన్నాడు. ఒకే కడుపున పుట్టిన బిడ్డలకు ఒకే జబ్బు రావచ్చన్న సంగతి ఆ లెక్కలో లేదు. ఆమె 2003లో విడుదలైంది. మీది మేనరికం, కాబట్టి అలాంటి జబ్బు ఉందా అన్న ప్రశ్న మీకు ఇంకా ముఖ్యం. మూడో బిడ్డ కణజాల నమూనాలను జన్యుపరీక్షకు భద్రపరచమని దర్యాప్తు అధికారికి, మేజిస్ట్రేటుకు వెంటనే రాతపూర్వకంగా అడగండి. హైదరాబాదులోని సీడీఎఫ్‌డీ అనే ప్రభుత్వ డీఎన్ఏ పరీక్షల కేంద్రంలో అలాంటి పరీక్షలు చేస్తారు. బిడ్డల ఆసుపత్రి కాగితాలు, టీకా కార్డులు పోకుండా చూసుకోండి. పూడ్చిన చోట తవ్వాలంటే మేజిస్ట్రేటు ఉత్తర్వు కావాలి. తవ్వితే అడ్డుపడకండి.

అత్త మీద వరకట్న వేధింపు కేసు పెట్టమనే పెద్దమనుషులు తప్పక వస్తారు. వద్దు. రేపు జన్యుపరీక్షకు బావ రక్తం కూడా కావాలి, ఆ ఇంటితో మాట పోగొట్టుకోకండి.

అయితే మీ చెల్లెలు నిర్దోషి అని నేను ఇక్కడి నుంచి తేల్చలేను. విసెరాలో విషమో, ఒంటి మీద పాత గాయాలో బయటపడితే కేసు వేరే దారి పడుతుంది. అమెరికాలో ఐదుగురు బిడ్డలవి సహజ మరణాలేనని నమ్మిన చాలా ఏళ్లకు, 1995లో ఆ తల్లికి శిక్ష పడింది. అందుకే లాయరు దగ్గర ఆమె ఏదీ దాచకూడదు.

అరెస్టు భయం ఉంటే నాగరిక సురక్షా సంహిత 482వ సెక్షన్ కింద నెల్లూరు సెషన్స్ కోర్టులో ముందస్తు బెయిలు అడగవచ్చు. డబ్బు లేదని ఆగకండి. స్త్రీలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయసహాయం ఉంది, జిల్లా న్యాయసేవాధికార సంస్థకు గాని, 15100కు గాని ఫోను చేయండి. ఈ రోజుల్లో ఆమెను ఒంటరిగా వదలకండి, రాత్రిళ్లు మీ అమ్మగారిని పక్కన పడుకోమనండి.